కొక్కెం

నిన్న రాత్రి ఏడుకు తిన్న రెండు జొన్నరొట్టెలే.
పొద్దున కర్నూల్లో సూది వేసినారు,
వెలుగు కలిపిన చక్కెరంట.
గంటసేపు కదలొద్దు, మాట్లాడొద్దన్నారు.
మాట్లాడితే గొంతుకండ తినేస్తాదంట ఆ చక్కెర,
కాలూపితే పిక్క.
ముప్పై ఒక్క ఏండ్లు కరెంటు స్తంభాల మీద బతికిన
లైన్‌మన్ మద్దిలేటి
ఊరికే పండుకోని
తన ఒంట్లో ఎవరెంత వాడుతున్నారో లెక్క తీయించుకున్నాడు.

తెర మీద చూపించింది డాక్టర్ గౌసియా.
మెదడు వెలుగుతాంది. దానికి మీటరుంది.
గుండె కొంచెం. దానికీ ఉంది.
మూత్రం తిత్తి, అది బయటికి పోయే లైను, సరే.
ఎడమ ఊపిరితిత్తి అంచున
రేగ్గాయంత ఒకటి
పత్తికొండ టమాటా మండీ లైట్ల మాదిరి తెల్లగా,
సర్వీసు నంబరు లేకుండా.

కొక్కెం, అన్నా.
ఆమెకు అర్థం కాలేదు.
వెదురుబొంగు కొసకు వంచిన కమ్మీ అమ్మా,
రాత్రి పదకొండుకు తీగ మీద తగిలిస్తారు,
కోడి కూసేలోపల దించేస్తారు.
"ఇది దించదు," అంది.

గాలి ఎంత ఉన్నా
గాలి లేనట్టే కాలుస్తాదంట చక్కెరను.
ముప్పై రావాల్సిన చోట రెండు.
తక్కింది పులుపు చేసి పక్కింటి వాకిట్లో పారబోస్తాది.
ఇంత దుబారా ఎందుకమ్మా అంటే
దుబారా కాదు పెద్దాయనా,
సగం కాలిన చక్కెరతోనే ఇటుకలు పోసుకుంటాంది,
ఇంటి మీద ఇల్లు లేపేదానికి.

మా ఈశ్వరమ్మ ఈ మాట సగమే విని
బెల్లం డబ్బా అటకెక్కిస్తానంది.
డాక్టరు తల అడ్డంగా ఊపింది.
మీరు మానినంత మాత్రాన ఇది చావదు.
కాలేయం రాత్రంతా మేల్కొని
చక్కెర వండి రక్తంలో పెడతాది, మెదడు కోసం.
మెయిను దించుదామంటే
ముందు ఆరేది మెదడే.

మెయిను దించడం నాకు తెలుసు.
దేవనకొండ రోడ్డు ఫీడరు, ఆ ఎండాకాలం
ట్రాన్స్‌ఫార్మరు మూడోసారి కాలినాక
రోషంతో స్విచ్చి లాగేసినా.
ఆరుగురు దొంగలు దొరికినారు.
పొద్దున ఆరోగ్యకేంద్రం వెనక
ఐసు కరిగిన టీకా సీసాలన్నీ
నర్సు గుంతలో పారేస్తాంటే
నేను చేతిలో కటింగ్ ప్లేయరు పట్టుకొని నిలబడినా.

అందుకే అడిగినా.
దాని కొక్కెం ఒక్కటే తెంపే దారి లేదా?
వెతుకుతున్నాం, అంది.
చక్కెరను లోపలికి లాగే చేతులున్నాయంట దానికి.
పులుపును బయటికి తోసే కిటికీ ఉందంట.
ఆ కిటికీ మూస్తే
తన పులుపులో తానే మునుగుతాదని ఒక ఆశ.
ఎలుకల్లో చూసినారు. మనుషుల్లో ఇంకా తేలలేదు.
చక్కెర తీగ కోస్తే
కొవ్వు తీగకు వేసుకునే గుణం కూడా ఉందంట.

నాకు నవ్వొచ్చింది.
తూర్పుచేని వీరభద్రుడు గుర్తొచ్చినాడు.
ఎర్ర ఫేజు మీద పట్టుకుంటే పసుపుకు వేసినాడు,
అదీ పట్టుకుంటే నీలానికి.
మూడు తీగల కాడ ముగ్గురం
ఒకే రాత్రి కాపు కాస్తే గానీ ఆగలేదు వాడు.
డాక్టరు కాగితం మీద అది రాసుకుంది.
ఎందుకో నాకు తెలీదు.

సంతకం చేయాల్సినవి తొమ్మిది పేజీలు.
మేలు జరుగుతుందని మాట ఇవ్వలేమని
నాలుగుచోట్ల రాసినారు.
ఆ నాలుగుచోట్లే నమ్మబుద్ధయింది.
చేసినా.

ఒకటి మాత్రం ఆమెకు చెప్పలేదు.
హుసేనమ్మ గుడిసెకు ఒక కొక్కెం ఉండేది,
ఒక్క బల్బుకు.
పదకొండేండ్లు ఆ వీధిలో తలెత్తకుండా నడిచినా.
నా దగ్గునూ అట్లే రెండేండ్లు వదిలేసినా.
దానికీ దీనికీ పోలిక లేదులే.
ఆమె చీకటైతే వేసేది, పిల్లోడు చదివినాక ఆర్పేది.

రేపు పొద్దుటి దాకా
పసిపిల్లల్ని ఎత్తుకోవద్దన్నారు.
బస్సులో వెనక సీటు, కిటికీ పక్క.
కోడుమూరు దాటినాక మనవరాలు ఫోను చేసింది.
వస్తాండా గానీ దగ్గరికి రావద్దు పాపా,
సూదితో వెలుగు ఎక్కించినారు,
ఇంకా ఆరలేదు నేను.

కాసేపు ఆలోచించింది.
"అయితే స్విచ్చి యాడుంది తాతా?"